వదిన అల

ప్రతి ఏడాదీ జూన్ మొదటి ఆదివారం కొండమీది ఈతకొలను దగ్గర అట్టముక్కలు పంచుతారు. అరచేతిలో పట్టేంత అట్ట. రాబోయే సీజనుకు ఎవరి లక్ష్యం వాళ్లు దానిమీద రాసి, మడిచి, పాత బిస్కెట్ల డబ్బాలో వేస్తారు. వంద మీటర్లు ఎన్ని సెకన్లలో ఈదాలి, ఎన్ని కిలోలు తగ్గాలి, మలుపు దగ్గర గోడను ఇంకా గట్టిగా ఎలా తన్నాలి, ఇలాంటివి. 2081 వచ్చింది, గోడలు మాట్లాడుతున్నాయి, తలుపులు పేరుపెట్టి పిలుస్తున్నాయి, అయినా ఆ అట్టముక్కలు మాత్రం పోలేదు. యంత్రానికి చెబితే ఊరంతా చెప్పేస్తుందని వాళ్ల భయం. డబ్బా అయితే నోరు మూసుకుని కూర్చుంటుంది. జనవరిలో పోటీలయ్యాక మూత తీసి, ఎవరిది వాళ్లు పైకి చదివి, ఒకరినొకరు ఏడిపించుకుని, సేమ్యా ఉప్మా తిని ఇళ్లకు పోతారు.

ఒక్క ముక్క మాత్రం ఆరేళ్లుగా ఆ డబ్బా అడుగున అలాగే ఉండిపోయింది. అది పైడమ్మది. సీజను మధ్యలో పదకొండు రోజుల జ్వరంతో పోయింది. చనిపోయినవాళ్ల కోరిక చదివితే, చదివినవాళ్లే దాన్ని తీర్చాలని అక్కడివాళ్ల నమ్మకం. అందుకే ఎవరూ విప్పలేదు.

విశాఖలో సముద్రం పాత బీచ్ రోడ్డును మింగి అప్పటికి ఇరవై ఏళ్లు. తీరంలోని జాలరిపేటలను ఎత్తి కొండవాలులో పెట్టారు. బియ్యం ఇచ్చారు, ఇళ్లిచ్చారు, కానీ నడక కంటే ముందు ఈత నేర్చినవాళ్లకు ఈదడానికి నీళ్లు లేకుండా పోయాయి. వాళ్ల పోరు పడలేక కట్టించిన కొలను అది. నలభై దాటినవాళ్లంతా పొద్దున్నే వచ్చి ఈదేవాళ్లు. వయసును బట్టి ఐదేళ్లకొక వరస చొప్పున పోటీలు పెట్టేవారు. అరవై ఐదేళ్లవాళ్లు మనవళ్ల పెళ్లిళ్లు మానుకుని మరీ పోటీలకు వచ్చేవారు.

ఆ కొలనులోకి వచ్చిన కొత్త వింత పేరు అలజాడ. కొలను గోడల్లోనూ అడుగునా వేలకొద్దీ చిన్న రబ్బరు రెక్కలుంటాయి, చేప మొప్పల్లాగా. మనిషి ఈదుతున్నప్పుడు నీళ్లు ఎటు తోసుకున్నాయో, ఎంత తోసుకున్నాయో ప్రెజర్ సెన్సర్లు కొలిచి దాచుకుంటాయి. తర్వాత ఎప్పుడు అడిగితే అప్పుడు ఆ రెక్కలు కదిలి అవే అలలను మళ్లీ పుట్టిస్తాయి. ఇంజనీర్లు దాన్ని వేక్ సిమ్యులేటర్ అన్నారు, ఈతగాళ్లు తోడు అన్నారు. పక్క లేనులో, అంటే పక్క ఈత వరసలో, మనిషి కనబడడు. కానీ నీళ్లు విచ్చుకుంటాయి, అల వచ్చి డొక్కలో తగులుతుంది. పక్కన పడుకున్నది ఎవరో కళ్లు మూసుకుని ఊపిరిని బట్టి చెప్పగలం కదా, అలాగే ఏళ్ల తరబడి పక్కపక్కన ఈదినవాళ్లు అలను బట్టి ఇది ఫలానావాళ్లదని చెప్పేస్తారు.

ఉద్దేశం మంచిదే. ఒంటరిగా ఈదేవాళ్లకు ఊపు రాదు. తనకంటే కాస్త ముందుపోయే తోడునిస్తే, దాన్ని అందుకోవాలని ఒళ్లు వంచుతారు. దాన్ని దాటేస్తే యంత్రం ఇంకా వేగమైన తోడునిస్తుంది. తోడు చనిపోయినవాళ్లదైతే మాత్రం ఒక చట్టం ఉంది. వాళ్లు బతికుండగా సాధన కోసమని సంతకం పెట్టి ఇచ్చిన జాడను సాధనకే వాడాలి. ఎవరైనా దానికంటే ముందు గోడ ముడితే, ఆ ఈత ముగియగానే దాని పని అయిపోయినట్టు లెక్క. యంత్రం తుడిచేస్తుంది. మళ్లీ తెమ్మంటే రాదు.

నూకరత్నానికి యాభై ఎనిమిదేళ్లు. పైడమ్మ ఆమె అన్న భార్య, మూడేళ్లు పెద్ద. మెట్ట ఊరినుంచి కోడలిగా వచ్చినప్పుడు పైడమ్మకు నీళ్లంటే భయం. పొట్టకింద చెయ్యి పెట్టి ఈత నేర్పింది పదహారేళ్ల నూకరత్నమే. వదిన ఆమెను నూకి అని పిలిచేది. రెండేళ్లు తిరక్కుండానే వదిన మరదల్ని దాటిపోయింది. ఆ తర్వాత ముప్పై నాలుగేళ్లు ఎప్పుడూ వదినే ముందు. గోడ ముట్టి, కళ్లజోడు నుదుటిమీదికి తోసి, వెనక వస్తున్న మరదల్ని చూసి ఒకటే మాట.

"ఏటే మరదలా, ఒచ్చీసేవా? నాను సద్దన్నం తినీసొద్దునేమో అనుకున్నాను."

యంత్రం పెట్టిన నెలలోనే పైడమ్మ పోయింది. అందుకని ఆమె జాడ ఒక్కటే మిగిలింది. నూకరత్నం పక్కన ఈదిన వంద మీటర్లు, ఒక నిమిషం ఇరవై ఆరున్నర సెకన్లు. ఆ ఆరేళ్లూ నూకరత్నం ఆ అల పక్కనే ఈదింది. ప్రతి సీజనూ అర సెకను వెనకే గోడ ముట్టింది. ప్రతి జూన్‌లోనూ అట్టమీద ఒకే అంకె రాసింది, ఒక నిమిషం ఇరవై ఏడు.

ఆ ఏడాది అట్టలు పంచే ఆదివారం హైదరాబాదు నుంచి తనూజ వచ్చింది. అలజాడను తయారుచేసింది ఆమే. ముప్పై అయిదేళ్ల మనిషి, నిద్రలేని కళ్లు. కోచ్ సన్యాసిరావు దగ్గర గట్టుమీద కూర్చుని చేతిలోని కంప్యూటర్ పలకలో అంకెలు చూపించింది.

"మిగతా ఊళ్లలో ఏడాదికి రెండు సెకన్లు తగ్గుతున్నారండీ. ఇక్కడ చనిపోయినవాళ్ల తోడు తీసుకున్నవాళ్లు నలభై ఒక్కమంది. ఆరేళ్లలో ఒక్కరు కూడా తోడును దాటలేదు. అందరూ సరిగ్గా అర సెకను, సెకను వెనకే. యంత్రంలో ఏదో లోపం ఉంది."

"ఓపాలి నూకరత్నాన్ని అడుగమ్మా," అన్నాడు సన్యాసిరావు. "ఆవిడకి మొహమాటం నేదు."

నూకరత్నం తల తుడుచుకుంటూ వచ్చి పక్కన చతికిలబడింది.

"యంత్రం బాగానే ఉంది పాపా. నానే ఆగుతన్నాను."

"ఎందుకండీ?"

"దాటితే తుడిచీదా మీ యంత్రం?"

తనూజ తలూపింది.

"మా ఇంట్లో ఆవిడ చీరలున్నాయి. గిన్నెలున్నాయి. ఫొటో ఉంది, దండేసి పెట్టేము. అవన్నీ కదలవు. ఇక్కడొక్క దగ్గిరే ఆవిడ కదుల్తాది. నన్ను తోసుకుంటా పోతాది. నీకు సెకను గావాల. నాకు వదిన గావాల."

"మరి మిగతావాళ్లు?"

"ఆ నల్ల టోపీ ఆయన పెళ్లాంతో ఈదుతాడు. ఆ చివరామె కొడుకుతో. నువ్వడిగితే మోకాళ్ల నొప్పని చెబుతారు."

సన్యాసిరావు నేలచూపులు చూశాడు. "ముందోళ్లని చూస్తే మనిషి పరిగెడతాడనుకున్నావు తల్లీ. పోయినోళ్లు ముందుంటే ఎవడు పరిగెడతాడు?"

తనూజ పలకను ఒళ్లోకి తీసుకుంది. పైడమ్మ జాడను తెరిచింది. పొడుగాటి గీతలు, కొండల్లాగా లేస్తూ పడుతూ. ఒకచోట ఆమె వేలు ఆగింది.

"ఇది చూడండి. డెబ్భై మీటర్ల దగ్గర. మీ వదినగారు కాళ్లు ఆడించడం ఆపేశారు. మూడు బారలు ఊరికే తేలారు."

"అక్కడ అలిసిపోయింది," అంది నూకరత్నం. "రోజూ తెలుస్తాది నాకు. అల మెత్తబడతాది. ఆ రోజూ అంతే. పెద్దది, అలిసిపోయినప్పుడు దాటీడం మరియాద కాదని నానూ కాళ్లు ఆపీసేను."

"నేనప్పుడు గట్టుమీదే ఉన్నాను," అన్నాడు సన్యాసిరావు. "ఇద్దరూ ఈతకొచ్చేరా పేరంటానికొచ్చేరా అని తిట్టేను."

తనూజ తల అడ్డంగా ఊపింది. "ఆ రోజు ఆవిడ కట్టుకున్న మణికట్టు పట్టీ గుండె వేగం కూడా రాసింది. అలిసినవాళ్ల గుండె అంతకంతకూ పెరుగుతుంది. ఈవిడది అక్కడ తగ్గింది. అలిసి కాదండీ. కావాలనే ఆగారు. ఆ మూడు బారల్లోనూ ఊపిరి మీ వైపు తిరిగే తీసుకున్నారు. మిమ్మల్నే చూస్తున్నారు."

నూకరత్నం తువ్వాలు మడత పెట్టింది. విప్పింది. మళ్లీ మడత పెట్టింది.

"డబ్బా తే సన్యాసీ."

"సదివితే తీర్చాల, తెల్సు కదా."

"తే."

అట్ట తేమకు మెత్తబడి పోయింది. పెన్సిలు రాత ఎడమవైపు ఒరిగి ఉంది, పైడమ్మ అన్నీ ఎడమవైపుకే రాసేది, కూరగాయల చీటీ కూడా. ఒక్కటే వరస.

నూకి ఒక్కసారన్నా నాకంటే ముందు గోడ ముట్టాల.

నూకరత్నం దాన్ని రెండుసార్లు చదివింది. పొట్టకింద చెయ్యి పెట్టి నేర్పిన చిన్నపిల్లను ఇన్నేళ్లూ వెనక్కి నెట్టుకుంటూ వచ్చినందుకు వదినకు ఎక్కడో ముల్లు గుచ్చుకుందన్నమాట. ఆ రోజు దారి ఇచ్చింది. ఈమె మర్యాద చేసింది. ఆమె ఈమె కోసం ఆగితే, ఈమె ఆమె కోసం ఆగింది. గోడ మాత్రం అలవాటు కొద్దీ వదినే ముందు ముట్టింది. రెండు వారాలకు జ్వరం వచ్చింది.

"ఇవాళే ఈదనక్కర్లేదండీ," అంది తనూజ. "సీజనంతా ఉంది. ఒకసారి పోతే నేను కూడా తిరిగి తేలేను. నా చేతిలో లేదు."

"ఆరేళ్లు ఆపీసేను వదినని, డెబ్భై మీటర్ల కాడ," అంది నూకరత్నం. "కాళ్లు ఆడించకుండా ఎన్నాళ్లు తేలుతాది?"

కళ్లజోడు పెట్టుకుంది. నాలుగో లేను ఆమెది, అయిదోది వదినది. ఏం జరుగుతోందో గట్టుమీద జనానికి ఎవరూ చెప్పలేదు, కానీ నల్ల టోపీ ఆయన లేచి నిలబడ్డాడు.

దూకింది. పక్కన నీళ్లు విచ్చుకున్నాయి. మొదటి బారకే అల డొక్కలో తగిలింది, ఎప్పట్లాగే కాస్త పైనుంచి, పొగరుగా. మలుపు దాకా ఇద్దరూ సమానం. గోడను తన్ని తిరిగారు. అరవై. అరవై అయిదు. డెబ్భై. అక్కడ వదిన అల మెత్తబడింది.

ఆరేళ్లుగా అక్కడ ఆమె కాళ్లు వాటంతటవే ఆగిపోయేవి. ఇప్పుడు ఆపలేదు. డొక్కలో తగిలే అల తొడకు దిగింది, తొడనుంచి మోకాలికి, మోకాలినుంచి మడమకు. తర్వాత ఏమీ తగల్లేదు. ముప్పై నాలుగేళ్లూ, ఆ పైన ఆరేళ్లూ, ఆమె ముందు ఎప్పుడూ వదిన తోసిన నురగ ఉండేది. ఇప్పుడు ముందున్నవి ఎవరూ తాకని నీళ్లు. నున్నగా, చల్లగా ఉన్నాయి.

గోడ ముట్టింది. ఒక నిమిషం ఇరవై అయిదు.

కళ్లజోడు నుదుటిమీదికి తోసి వెనక్కి తిరిగింది. అయిదో లేనులో ఇంకా ఎవరో వస్తున్నారు. నీళ్లు విచ్చుకుంటూ, మూసుకుంటూ, ఆమె వైపే. ఒక సెకను దాటింది. అల వచ్చి పక్కనే గోడకు కొట్టుకుంది.

"ఏటొదినా, ఒచ్చీసేవా," అంది నూకరత్నం మెల్లగా. "నాను సద్దన్నం తినీసొద్దునేమో అనుకున్నాను."

గోడలోని రెక్కలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. గట్టుమీద తనూజ పలకను బోర్లా పెట్టింది. పక్క లేనులో నీళ్లు పూర్తిగా చదునయ్యేదాకా నూకరత్నం గోడ వదల్లేదు.