నాలుగు వందల పన్నెండో బుక్‌మార్క్

ఉదయం పదకొండూ పదికి, గడియారాలు బాగుచేసే పెద్దమనిషి కంట్లో భూతద్దం పెట్టుకుని ఒక చేతిగడియారం విప్పుతుండగా, గుమ్మంలోంచి రెండు తూటాలు దూసుకొచ్చాయి. సైలెన్సర్ బిగించిన పిస్తోలు. పక్క కొట్టువాడికి కూడా చప్పుడు వినపడలేదు.

పన్నెండుకల్లా ఏజెంట్ గుమాస్తా చీఫ్ గదిలో నిలబడి ఉన్నాడు.

గుమాస్తా అనేది తోటివాళ్లు పెట్టిన పేరు. మిగతా ఏజెంట్లు కార్లనీ కోట్లనీ హంగు చేస్తుంటే, ఇతను బొమ్మలేవీ లేని నల్లటి అక్షరాల తెర, టెర్మినల్ ముందు కూర్చుని టకటకా కమాండ్లు కొట్టుకునే రకం. మౌస్ ముట్టడు. చూసిన ప్రతి వెబ్‌పేజీనీ బుక్‌మార్క్ చేసి ట్యాగ్ తగిలిస్తాడు. పాల ప్యాకెట్ తేవడం దగ్గర్నుంచి దొంగ పాస్‌పోర్ట్ తయారుచేయించడం దాకా ప్రతి పనీ గడువుతో సహా టాస్క్ లిస్టులోకి ఎక్కాల్సిందే. నవ్వేవాళ్లు నవ్వేవారు. అతను మాత్రం ఒక్క పనీ మరిచిపోయి ఎరగడు.

"పోయినవాడు మనవాడు," అన్నాడు చీఫ్. "గొడుగు ముఠా మీద కన్నేసి ఉంచడానికి ఈ ఊళ్లో నలుగురిని దించాం. ఇప్పుడు ముగ్గురు. ఆ అడ్రసులు ఎక్కడున్నాయి?"

"నా లాప్‌టాప్‌లో సర్. వాళ్ల షాపుల పేజీలుగా, మామూలు బుక్‌మార్కుల మధ్యలో. పక్కన నా టాస్క్ లిస్టు పెట్టుకుని చూస్తే తప్ప ఏది ఎవరిదో తెలీదు."

"దాన్ని ఇంకెవరైనా ముట్టారా?"

"ఎవ్వరూ ముట్టలేదు సర్."

"మరి ముఠావాళ్లకి కలొచ్చిందా? పోయిన వారం నెమలితో కాఫీ తాగావు. నాకు రిపోర్టు వచ్చింది."

నెమలి రెండు వైపులా పనిచేసే మనిషి. ఆకుపచ్చ పట్టు గౌను, గది దాటినా వదలని సెంటు, ఎవరినైనా నమ్మించే నవ్వు.

"తర్వాత ఎవరు సర్?"

చీఫ్ కళ్లు దించుకున్నాడు. "పళ్ల డాక్టరు. వాళ్ల వైర్‌లెస్ పట్టాం. ముహూర్తం మూడింటికి. ఇద్దరు షూటర్లు అప్పుడే క్లినిక్‌లో పేషెంట్ల మధ్య కూర్చున్నారు. మనం తలుపు తోస్తే అందరినీ కాల్చేస్తారు."

పళ్ల డాక్టరు గుమాస్తా సొంత చెల్లెలు.

చీఫ్ ఒక కళ్లజోడు చేతికిచ్చాడు. దాని కాడలో స్పీకరుంది, పెట్టుకున్నవాడి చెవికి తప్ప వినపడదు. "క్లినిక్ ఎదురు మేడమీద మనవాడున్నాడు. ఏం జరిగినా నీకు చెప్తాడు. నువ్వు నెమలి సంగతి తేల్చు, వెళ్లు."

ఒంటిగంటన్నరకి గుమాస్తా గ్యాస్ మీటర్లు చూసేవాడి వేషంలో, నెమలి దిగిన హోటల్ మూడో అంతస్తులో ఆమె తలుపు తట్టాడు.

"గొడుగు రిపేరుకిచ్చారా?"

"చిల్లు పెద్దది, పారేశాను," అంది లోపలి గొంతు. అది కోడ్. తలుపు తెరుచుకుంది.

అతను పిస్తోలు తీశాడు. నెమలి గోళ్లరంగు సీసా మూత కూడా పెట్టలేదు.

"నా లిస్టు అమ్మావు."

"ఆ నల్ల తెర ఎలా తెరవాలో కూడా నాకు తెలీదు మహానుభావా! ముందు నీ సామాను చూసుకో. ఏం పోయిందో తెలిస్తే ఎవరు తీశారో తెలుస్తుంది."

మాట సబబుగానే ఉంది. లాప్‌టాప్ తెరిచి, పోయిన నెల కాపీని ఇవాళ్టి లిస్టుతో పోల్చాడు. కొత్తగా చేర్చినవన్నీ ఉన్నాయి. పాతవాటిలో ఒక్కటి లేదు. నాలుగు వందల పన్నెండోది. దాన్ని అతను తీయలేదు.

"ఏంటది?" అంది నెమలి.

"మా నాన్న ఫోటో స్టూడియో పేజీ. నాన్న పోయాక మూసేశారు. ఇరవై ఏళ్లుగా ఆ లింకు తెరుచుకోదు. ఊరికే... ఉంచుకున్నాను."

నెమలి పకాలున నవ్వింది. "బాగుంది! దొంగ వచ్చి, ఎత్తుకుపోయేదేదో ఎత్తుకుపోయి, ఇల్లు కూడా ఊడ్చి వెళ్లాడన్నమాట. అలాంటి శుభ్రత పిచ్చి ఉన్నవాడు నీకెవరైనా తెలుసా?"

గుమాస్తా చేతిలో పిస్తోలు దానంతటదే కిందికి వాలింది.

తెలుసు. ఒక్కడే. బాబాయి.

నాన్న పోయాక అన్నాచెల్లెళ్లిద్దర్నీ పెంచినవాడు. వంటింటి బల్లమీద కూర్చోబెట్టి ఆ నల్ల తెర మీద కమాండ్లు కొట్టడం నేర్పినవాడు. డిపార్ట్‌మెంట్ కంప్యూటర్ గదిని తన చేతులమీదుగా నిలబెట్టి రిటైరైనవాడు. ప్రతి ఆదివారం భోజనమయ్యాక గుమాస్తా బుక్‌మార్కులన్నీ తిరగేసి, "చచ్చిన లింకులు ఇంట్లో పెట్టుకుంటావేంట్రా, దరిద్రం!" అని తిట్టేవాడు. "నీ మెషీన్ పాడైతే ఎలారా?" అంటూ తన ఇంటి కంప్యూటర్‌లో దానికి నకలు, బ్యాకప్ పెట్టింది కూడా ఆయనే. ఇక్కడ రాసింది నిమిషంలో అక్కడికి వెళుతుంది, అక్కడ చెరిపింది ఇక్కడా చెరిగిపోతుంది. ఎవరైనా ముట్టారా అని చీఫ్ అడిగినప్పుడు, బాబాయి కూడా ఆ 'ఎవరైనా'లోకి వస్తాడని అతనికి తట్టనే లేదు.

కిందికి దిగి చీఫ్‌కి ఫోన్ చేసి బాబాయి పేరు చెప్పాడు.

"ఆయనా! నాకు పాఠం చెప్పిన మనిషయ్యా!"

"రుజువు చేద్దాం సర్. ముగ్గుర్నీ మూడుంపావుకి పాత గోదాముకి చేరుస్తున్నానని నా టాస్క్ లిస్టులో రాస్తాను. ముగ్గురూ ఒకేచోట దొరుకుతారంటే ముఠా చెల్లెల్ని వదిలి అటు పరిగెడుతుంది. మీరు గోదాములో కాచుకోండి."

"ఆయన చెప్పకపోతే? ఆయన మంచివాడే అయితే?"

"మంచివాడైతే నా చెల్లెలు చచ్చిపోతుంది సర్."

రెండూ నలభైకి బాబాయి ఇంటి మెట్లమీద కూర్చుని టాస్క్ కొట్టాడు. లోపలికి వెళ్లాడు.

"ఏరా, ఇవాళ ఆదివారం కూడా కాదు. తిన్నావా?"

"తిన్నాను బాబాయ్."

"అబద్ధం. మొహం పీక్కుపోయింది. కూర్చో."

అదే వంటింటి బల్ల. చెల్లెలు చిన్నప్పుడు కత్తిమొనతో గీకిన పువ్వు ఇంకా ఒక మూల ఉంది. పక్కగదిలో కంప్యూటర్ సన్నగా మోగింది. బాబాయి ఒక్క క్షణం అటు చూశాడు.

"కాఫీ పెడతానుండు. ఈలోగా ఆ గదిలో లైటు ఆర్పేసి వస్తా," అంటూ లేచాడు.

వెళ్లకు బాబాయ్, అనుకున్నాడు గుమాస్తా. ఆ వెంటనే, వెళ్లు బాబాయ్, త్వరగా వెళ్లు, అనుకున్నాడు. తన గుండె ఏది కోరుకుంటోందో అతనికే తెలియలేదు.

పక్కగదిలో కీబోర్డు చప్పుడైంది. గబగబా నాలుగు మాటలు, చివర్న ఎంటర్ మీద గట్టిగా ఒక దెబ్బ. చిన్నప్పట్నుంచీ వింటున్న చప్పుడు.

రెండూ యాభై ఏడు. కళ్లజోడు గుసగుసలాడింది. "షూటర్‌ని లోపలికి పిలిచారు. కుర్చీలో పడుకున్నాడు. డాక్టరమ్మ వంగి చూస్తోంది. వాడి చెయ్యి కోటులోకి పోతోంది..."

గుమాస్తా బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఆగండాగండి! వాడి ఫోన్ మోగింది. లేచాడు. ఇద్దరూ బయటికొచ్చేశారు. కారెక్కుతున్నారు!"

చెల్లెలు బతికింది. గుమాస్తాకి ఏడుపు ముంచుకొచ్చింది, అది సంతోషం మాత్రం కాదు.

బాబాయి రెండు కప్పులతో వచ్చి, అతని మొహం చూసి అక్కడే నిలబడిపోయాడు.

"గోదాములో ఎవరూ లేరు బాబాయ్. పోలీసులు తప్ప."

బాబాయి కప్పుల్ని మెల్లిగా బల్లమీద పెట్టాడు, ఒక్క చుక్క ఒలకకుండా.

"దాని అడ్రసు ఇచ్చేటప్పుడు, నువ్వు జడలు వేసి బడికి పంపిన పిల్లని గుర్తు రాలేదా?"

"దాని జోలికి రామని మాటిచ్చార్రా."

"మరి గడియారాలాయన?"

బాబాయి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "డిపార్ట్‌మెంట్‌లో ఆ కంప్యూటర్ గది నేను కట్టాను. ముప్ఫై ఏళ్లు. రంగురంగుల బొమ్మల మెషీన్లు తెచ్చి, నన్ను గుమ్మం పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. ముఠావాళ్లు నన్నింకా సార్ అంటార్రా."

"నేను బాబాయ్ అన్నాను. అది చాల్లేదా?"

పోలీసులు వచ్చారు. గుమ్మం దాటుతూ బాబాయి వెనక్కి తిరిగాడు. "ఆ స్టూడియో పేజీ తెరుచుకోవడం లేదురా. అందుకే తీసేశా."

"అది మీ అన్నయ్యది బాబాయ్," అన్నాడు గుమాస్తా.

మూడూ ఇరవైకి గోదాములో ఐదుగురు దొరికారని కళ్లజోడు చెప్పింది. చీఫ్ శభాష్ అన్నాడు, మీ బాబాయి పేరు నీ లిస్టుల్లోంచి తీసెయ్ అనీ అన్నాడు. అంతలో చెల్లెలి ఫోన్.

"అన్నయ్యా, ఇందాక వచ్చినవాడు పేషెంటు కాడు. కోటులో పిస్తోలు చూశాను. నా చేతిలో డ్రిల్లు తప్ప ఏమీ లేదు. నువ్వే ఏదో చేశావు కదూ?"

"ఏదో చేశాన్లే."

"సరే. బాబాయికి మాత్రం చెప్పకు. పాపం, హడలిపోతాడు."

గుమాస్తా కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "చెప్పన్లే," అని పెట్టేశాడు.

తర్వాత లాప్‌టాప్ తెరిచి, బ్యాకప్ తెంపేసి, నాన్న స్టూడియో పేజీని మళ్లీ చేర్చాడు. బాబాయి పేరు తీసెయ్యమంటే, ఖాయమేనా అని టెర్మినల్ అడిగింది. కాదు అని కొట్టాడు. ఇప్పుడతని లిస్టులో చచ్చిన లింకులు రెండు, వచ్చే ఆదివారం వాటికి తిట్లు కూడా ఉండవు.