తట్టినా పలకని ఇల్లు

డనీడిన్ ఊళ్ళో ఆ కొండవీధి చివరి ఇంటి తలుపు ఎవరూ తట్టరు. పోస్టు తెచ్చేవాడైనా సరే, పక్కింటి ఆగ్నెస్ మామ్మయినా సరే, గేటు దగ్గరే నిలబడి పేరు పెట్టి కేకెయ్యాల్సిందే. ఎందుకంటే ఆ ఇంట్లో తట్టిన చప్పుడైతే అది మనుషులది కాదని లెక్క. ఎవరు అని అడక్కూడదు, రమ్మనకూడదు. విననట్టు ఊరుకోవాలి.

చలికాలం పొద్దుగూకగానే మొదలవుతుందిట... టక్... టక్ టక్... లోపలెవరో ఇరుక్కుపోయి, తియ్యండర్రా బాబూ అని కొట్టుకుంటున్నట్టు. అద్దెకు దిగినవాళ్ళెవరూ ఒక్క చలికాలం కూడా పూర్తిగా గడపలేదు.

అదిగో, అలాంటి ఇల్లు ఏరికోరి కొన్నాడు స్ట్రూవన్. మంచివాడే, కానీ ఉత్త మొండిఘటం. భార్య రేవాకి అప్పుడు ఆరో నెల. మొదటి వారమే ఆ చప్పుడు విని ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. ఇది ఆగకపోతే మా అమ్మ దగ్గరికి గోర్ ఊరు వెళ్ళిపోతాను, బిడ్డనెత్తుకుని మాత్రం ఈ గడప తొక్కను అని తేల్చి చెప్పేసింది.

స్ట్రూవన్ నవ్వాడు. ప్రతి గదిలోనూ గోడకి బిగించిన ఇనప హీటరుంది. వంటింటి మూల బాయిలరు కాచిన నీళ్ళు గొట్టాల్లో తిరిగి వాటిని వేడిచేస్తాయి. ఆ నీళ్ళలో గాలి చిక్కుకుందంటే గొట్టం టకటకలాడుతుంది, హీటరు పైభాగం చల్లగా చచ్చిపడుంటుంది. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు అన్నాడు. హీటరు చివర చిన్న మర ఉంటుంది, కీ పెట్టి తిప్పితే గాలి బుస్సుమని పోతుంది. నీటిచుక్క కనబడగానే బిగించెయ్యడమే.

తిప్పాడు. మర్నాడు చప్పుడు రెట్టింపైంది. అయ్యగారు నీళ్ళని తిప్పే పంపు ఆడుతుండగానే మర తిప్పాడు మరి... గాలి పోవడం మాట అటుంచి, బయటినుంచి ఇంకాస్త లోపలికి పీల్చుకుంది. తర్వాత బుద్ధిగా పంపు ఆపి, నీళ్ళు చల్లారనిచ్చి, కింది గది నుంచి మొదలుపెట్టి పైగదుల దాకా ఒక్కో హీటరులో గాలీ వదిలి, తగ్గిన నీళ్ళు నింపాడు.

చప్పుడు ఆగింది. రేవా ఎన్నాళ్ళకో కంటినిండా నిద్రపోయింది. స్ట్రూవన్‌కి గర్వం తన్నుకొచ్చింది. కీ ఆమె చేతిలో పెట్టి పాఠం కూడా చెప్పాడు. మళ్ళీ చప్పుడైతే భయపడకు, కిందా మీదా వెతక్కు, అది గాలే. కీ తిప్పు, వదిలెయ్, నీ పని చూసుకో.

అంతా బాగుందనుకునేసరికి బాయిలరు మీద నీటి ఒత్తిడి చూపే ముల్లు కిందికి జారసాగింది. అంటే నీళ్ళెక్కడో కారుతున్నాయి. ఇవాళ నీళ్ళు కారితే రేపు గాలి చేరుతుంది. రేవాతో చెబితే, ఇంకా కుదర్లేదా అంటుంది, సంచి సర్దుకుంటుంది. అందుకని చెప్పలేదు. ఆమె వంటింట్లో చీజ్ రోల్స్ కాలుస్తుంటే, టార్చీ, పానా పట్టుకుని నిశ్శబ్దంగా పెరట్లోకి వెళ్ళాడు. పునాది గోడకో చిన్న చెక్కతలుపు. లోపల ఇంటి నేలకీ మట్టికీ మధ్య ఖాళీ... మనిషి బోర్లా పాకాల్సిందే.

పాకాడు. కారే అతుకు దొరికింది. బిగిస్తున్నాడు...

వెనకాల గాలి విసురుకి తలుపు ధడేలుమంది. బయట గొళ్ళెం పడిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

వెనక్కి పాకి నెట్టాడు. కదల్లేదు. తన్నుదామంటే కాలు చాపే చోటు లేదు. అరిచాడు. నెత్తిన చెక్కనేల, దాని కిందంతా ఉన్ని. చలి రాకుండా తనే కూరాడు, కన్నం లేకుండా. గొంతు బొంగురుపోయింది, కాసేపటికి అసలే పోయింది. టార్చీ ఎర్రబడి ఆరిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది, గొట్టం. పానాతో కొట్టాడు.

టక్... టక్ టక్...

పైన అడుగులు! అటునుంచి ఇటు వచ్చి, సరిగ్గా తన నెత్తిమీది హీటరు దగ్గర ఆగాయి. స్ట్రూవన్‌కి ఏడుపొచ్చినంత పనైంది. వినపడింది, వచ్చేస్తుంది...

బుస్స్...

రేవా కీ తిప్పింది. గాలి వదిలింది. వెళ్ళిపోయింది.

మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అడుగులు, మళ్ళీ బుస్స్. ఎంత శ్రద్ధగా నేర్చుకుందో పిచ్చిపిల్ల! తర్వాత రేడియో పెట్టింది. ఇంక ఎంత కొట్టినా అడుగు కదల్లేదు.

మట్టిలోంచి చలి ఎముకల్లోకి ఎక్కుతోంది. నా ఇంటి కిందే, నా పెళ్ళాం నామీద నడుస్తుండగానే చచ్చిపోతాను కాబోలు అనుకున్నాడు. పుట్టబోయే బిడ్డ ముఖం చూడకుండానే... ఆ మాట తలుచుకోగానే నిజంగా భయం వేసింది. చేతిలోంచి పానా జారింది. తడిమాడు. వేళ్ళకి స్పర్శ తెలీడం లేదు. దొరకలేదు.

ఇక కొట్టడానికీ లేదు, పిలవడానికీ లేదు. ఆ చీకట్లో కళ్ళు మూసుకుని పడున్నాడు.

ఎంతసేపైందో... పైన అడుగులు మళ్ళీ హీటరు దాకా వచ్చాయి. ఈసారి పరుగు. పెరటి తలుపు. గడ్డిలో పరుగు. గొళ్ళెం ఊడింది.

రేవా అతన్ని కాలరు పట్టి బయటికి లాగింది. తన కోటు తీసి కప్పింది. వెక్కుతూనే చేతులు రుద్దింది.

"ఎలా... తెలిసింది?" అన్నాడు. పెదాలు కదిలాయంతే.

"అదేంటి, నువ్వేగా పిలిచావు. మళ్ళీ తట్టావు, వచ్చి కీ తిప్పాను... బుస్సుమనలేదు. మాట వినిపించింది."

పానా జారాక తను కొట్టనే లేదు. గొంతు అంతకు చాలాసేపటి ముందే పోయింది. అయినా నీళ్ళు నిండిన గొట్టంలోంచి మాట ఎలా వస్తుంది?

"ఏమని... పిలిచాను?"

రేవా ఆ చిన్న తలుపు వైపు చూసింది. గొంతు తగ్గించింది.

"తలుపు తియ్యి, ఇక్కడ ఇద్దరం ఉన్నాం అన్నావు... లోపల ఇంకెవరు, స్ట్రూవన్?"

  రేవా గబుక్కున లేచి ఆ తలుపు మూసి గొళ్ళెం పెట్టబోయింది.

స్ట్రూవన్ మొద్దుబారిన చేత్తోనే ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ముయ్యకు... రానీ."