కాలువ తాగిన మందు

టార్చ్ వెలుగు ఆమె వీపు మీద పడింది!

"ఎవరక్కడ?"

ఆమె చటుక్కున లేచింది. మోచేతుల దాకా బురద. చేతిలో గాజు సీసా. మూత ఇంకా సరిగా బిగించనే లేదు.

పరుగు!

వెనక బూట్ల చప్పుడు. ఒక్కడు కాదు... ఇద్దరు!

ఎదురుగా మురుగునీటి ట్యాంకులు. వాటి మీదుగా ఇనుప మెట్లు. అడుగు పడితే ఖంగుమంటోంది. కింద నీళ్ళు నల్లగా సుడి తిరుగుతున్నాయి.

ఈ ప్లాంట్ ఆమెకి కొట్టిన పిండి. మందుల ఫ్యాక్టరీలో కెమిస్ట్ ఆమె. మందు కలిసిన మురుగునీటిని శుద్ధి చేసి కాలువలోకి వదలడమే పని. ముందు బొగ్గు ఫిల్టర్లు, తరవాత ఓజోన్ యూనిట్. ఆ రెండూ దాటిన నీళ్ళలో మందు జాడ కూడా ఉండకూడదు.

దాటితే కదా!

ఫిల్టర్లకి ముందే, నేరుగా కాలువలోకి ఒక బైపాస్ పైపు. పగలు మూసుకుని ఉంటుంది. చీకటి పడగానే తెరుచుకుంటుంది. ఓజోన్ యూనిట్ తాగే కరెంటు మిగులుతుంది... మందు మాత్రం కాలువ తాగుతుంది.

ఆ పైపు నీళ్ళే ఇప్పుడు సీసాలో ఉన్నాయి.

"ఏయ్ అమ్మాయ్! సీసా అక్కడ పెట్టి పో!" సెక్యూరిటీ హెడ్ అరుస్తున్నాడు.

"పెడతా... తాగుతావా?"

కంచెలో సందు. దూరింది. ముల్లుతీగ భుజాన్ని చీరేసింది. అవతల రోడ్డు.

హెడ్‌లైట్లు! బ్రేకులు కీచుమన్నాయి!

పోలీసు జీపు. స్టీరింగ్ దగ్గర... తమ్ముడు! ఎస్సై తమ్ముడు!

"ఎక్కక్కా! తొందరగా!"

జీపు ముందుకు దూకింది. ఆమెకి ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి.

"దొరికిందిరా! పొల్యూషన్ బోర్డు ల్యాబ్‌కి పోనీ. ఇప్పుడే ఇచ్చేద్దాం."

తమ్ముడు గేరు మార్చాడు.

"నాన్నకెలా ఉంది?"

"అలాగే ఉంది."

కాలువ పక్కనే నాన్న ఆకుకూరల మడి. నీళ్ళలో నిలబడి మళ్ళు తడుపుతుంటే మడమలో మేకు దిగింది. చిన్న గాయం! ఇప్పుడు కాలు మొద్దులా వాచిపోయింది. ఆసుపత్రిలో మందు మీద మందు మారుస్తున్నారు. దేనికీ లొంగని జ్వరం.

వంతెన వచ్చింది. ల్యాబ్‌కి కుడివైపు తిరగాలి.

జీపు తిరగలేదు.

"ఒరేయ్... కుడివైపురా!"

వంతెన మధ్యలో ఆగింది. అక్కడ తెల్లకారు. దాన్ని ఆనుకుని నిలబడి ఉన్నాడు... ఫ్యాక్టరీ మేనేజర్!

ఆమె తమ్ముడి వైపు తిరిగింది.

"నువ్వా! ఎంతకి అమ్ముడుపోయావురా?"

"డబ్బు కాదక్కా! మందు!" తమ్ముడు ఇంజన్ ఆపేశాడు. "వీళ్ళు చేస్తున్న కొత్త యాంటీబయాటిక్ ఇంజెక్షన్. ఇంకా మార్కెట్లోకే రాలేదు. నాన్నకి ఇక మిగిలింది అదొక్కటే. సార్ నిన్న సగం పంపాడు. సీసా ఇస్తే మిగతా సగం ఇస్తాడు."

ఆమె వాడి ముఖంలోకి చూసింది.

"నిన్న వేశారుగా... జ్వరం తగ్గిందా?"

తమ్ముడు తెల్లకారు వైపు చూశాడు.

"తగ్గిందా, లేదా?"

"...లేదు."

"తగ్గదురా! ఈ సీసాలో ఉన్నది ఏమిటనుకున్నావ్? ఆ కొత్త మందే! తయారీ మొదలెట్టినప్పటి నుంచీ ఈ కాలువలోకే వదులుతున్నారు. రోజూ కాస్త కాస్త తాగి క్రిములు రాటుదేలాయి. అవే నాన్న కాల్లోకి దూరాయి. మార్కెట్లోకి రాకముందే ఆ మందు చచ్చిందిరా!"

తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు.

"ఏమో అక్కా... పనిచేస్తుందేమో..."

సీసా లాక్కున్నాడు! దిగాడు!

మేనేజర్ అందుకున్నాడు. వంతెన గోడకేసి కొట్టాడు.

ఫట్!

గాజుపెంకులు. తడి మరక. అంతే.

"శభాష్ ఎస్సై గారూ! ఈపాటికి మావాళ్ళు ఆ పైపు కూడా పీకేసుంటారు. రేపు ఎవరొచ్చి చూసినా మా నీళ్ళు కొబ్బరినీళ్ళే!" చిన్న ఐస్‌బాక్స్ అందించబోయాడు. "మీ ఇంజెక్షన్లు."

తమ్ముడు అందుకోలేదు.

"సార్... ఇది మా నాన్నకి పనిచేస్తుందా?"

మేనేజర్ నవ్వు ఆగిపోయింది.

"పనిచెయ్యదని ఎవరు చెప్పారు? నోరు విప్పొద్దని ఆసుపత్రి వాళ్ళకి చెప్పానే!"

అనేశాక గానీ ఏమన్నాడో తెలియలేదు అతనికి.

తమ్ముడి చెయ్యి నడుము మీదికి వెళ్ళింది.

పిస్టల్!

"వద్దురా!" ఆమె జీపులోంచి దూకింది. "సీసా పోయింది... పైపు పోయింది... మనకి మిగిలిన సాక్ష్యం వాడి నోరొక్కటేరా! వాణ్ణి బతకనివ్వు!"

ఐస్‌బాక్స్ కిందపడింది. మేనేజర్ రెండు చేతులూ పైకెత్తాడు.

ఆమె పరుగెడుతోంది... తమ్ముడి చెయ్యి అందుకోబోతోంది...

"నాన్నని బతకనిచ్చాడా అక్కా?"

ఢాం!

తెల్లకారు మీద ఎర్రటి మరక.