మూడో పిలుపు

అలెగ్జాండ్రియాలో సముద్రం రోడ్డు మీద ఒక పాత హోటల్ ఉందట. ఎండాకాలం నిండా జనమే. చలికాలం వస్తే మాత్రం పొద్దుగూకాక పనివాళ్లెవరూ దాని మూడో అంతస్తు ఎక్కరు. ఎందుకని అడిగితే చెప్పరు... మాట మారుస్తారు.

ఈ సంగతి ముందే తెలిస్తే మన లియాఖత్ అలీ అక్కడ దిగేవాడే కాదు. వరంగల్ కొత్తవాడలో తివాచీలు అమ్ముకునే మనిషికి ఈజిప్టులో, అదీ జనవరిలో, ఏం పని అంటారా? తమ్ముడి కోసం. తమ్ముడు అమ్జద్ ఓడలో వంటమనిషి. ఆరేళ్ల కింద అమ్మీ పోయినప్పుడు నడిసముద్రంలో ఉండి, పిడికెడు మట్టి వేయడానికి కూడా రాలేకపోయాడు. ఆ కోపంలో లియాఖత్ ఫోన్లో అనరాని మాటలన్నాడు. అప్పటినుంచి అమ్జద్ ఇంటి గడప తొక్కలేదు. ఇన్నాళ్లకు వాడి ఓడ ఆ రేవులో రెండు రోజులు ఆగుతుందని తెలిసింది. ఎదురుగా నిలబడి "తప్పు నాదే" అని చెబుదామని అన్న బయల్దేరాడు.

బయల్దేరిన వేళ ఏమిటో గాని, అన్నీ అడ్డమే. గాలివానకు రేవు మూసేశారు. ఓడ బయటే, సముద్రంలోనే నిలబడిపోయింది — మూడు రోజులు. కిటికీలోంచి చూస్తే దాని దీపాలు కనబడతాయి, మనిషి మాత్రం అందడు. దుకాణాలు సగం మూత. రోడ్డు మీదికే అలలు ఎగిరి పడుతున్నాయి. సిమ్ పనిచేయదు, హోటల్ వైఫై ఒక్కటే దిక్కు. దాని మీదే తమ్ముడికి హోటల్ పేరు, గది నంబరు మెసేజ్ పెట్టాడు. చిన్నప్పుడు మౌల్వీసాబ్ దగ్గర నేర్చిన అరబ్బీ ఉంది కదా అని ధీమాగా వెళ్లాడు పాపం. ఈయన నోరు తెరవగానే ఖురాన్ చదువుతున్నాడనుకుని చాయ్‌వాడు భక్తిగా తల వంచుకునేవాడు. చాయ్ మాత్రం, తీపి తగ్గించమన్నా ఎప్పుడూ చక్కెర పానకమే.

ఇంటినుంచి భార్య సాబిరా ఫోన్ చేసి ఒకటే పోరు.

"ఇగ వచ్చేయిండ్రి. ఎన్నొద్దులు చూస్తరు?"

"రేపు మధ్యాహ్నం ఫ్లైటున్నది గదా. ఇయ్యాల్టి దాక జర చూడనియ్యి," అని విసుక్కున్నాడు.

ఆ చివరి సాయంత్రం అమ్జద్ మెసేజ్ వచ్చింది. "అన్నా, రేవు ఇయ్యాల గూడ తెరువరట. దిగనిస్తలేరు."

లియాఖత్ ఫోన్‌ను మంచం మీదికి విసిరికొట్టాడు. ఎవరిని తిట్టాలో తెలియక వానను తిట్టాడు, రేవును తిట్టాడు, చివరికి తనను తానే తిట్టుకున్నాడు. ఇంతదూరం వచ్చి దీపాలు చూసి పోవడమేనా? ఏడుపొచ్చింది. అంతలో కరెంటు పోయింది. దాంతోపాటే వైఫై కూడా.

రాత్రి ఎనిమిదయి ఉంటుంది. మూడో అంతస్తు మొత్తానికి ఆయనొక్కడే. చీకటి... గాలి హోరు... ఎక్కడో ఒక తలుపు కొట్టుకుంటోంది.

అప్పుడు వినబడింది.

"అన్నా..."

వరండాలోంచి. అమ్జద్ గొంతు.

ఒక్క ఉదుటున లేచి తలుపు దాకా వెళ్లాడు... ఆగిపోయాడు. ఓడ దిగనివ్వడం లేదన్నవాడు ఎట్లా వస్తాడు?

చిన్నప్పుడు దాదీ అన్నదమ్ములిద్దరినీ చెరో పక్కన పడుకోబెట్టుకుని చెప్పేది — "రాత్రిపూట అది మనోళ్ల గొంతుతోనే పిలుస్తది బిడ్డా. పలుకద్దు. రెండుసార్లకన్న ఎక్కువ పిలువలేదు. మూడోసారి పిలిస్తెనే మనిషి." యాభై దాటినా లియాఖత్‌కు ఆ భయం పోలేదు. సాబిరా ఎంత నవ్వినా, కొత్తవాడలో ఈనాటికీ చీకటిపడ్డాక మూడో పిలుపుకే తలుపు తీస్తాడు.

"అన్నా..."

రెండోసారి. ఈసారి తలుపుకు ఆనుకునే.

గడియ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. పిలువురా... ఇంకొక్కసారి పిలువు... అని లోలోపలే బతిమాలుకున్నాడు. పలకలేదు, దగ్గలేదు, ఊపిరి కూడా బిగబట్టాడు.

మూడో పిలుపు రాలేదు.

కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడు... కిందికి... కిందికి. ఆ తర్వాత గాలి ఒక్కటే.

తెల్లవారాక కరెంటు వచ్చింది. కిటికీలోంచి చూస్తే సముద్రం మీద ఓడ లేదు. ఫోన్ మోగింది. రాత్రి తొమ్మిదికి అమ్జద్ పంపిన వాయిస్ మెసేజ్, ఇప్పుడు దిగింది.

"అన్నా... ఆఖరుకు రేవు తెరిచిండ్రు. రెండు గంటలు పర్మిషనిస్తే ఉరికొచ్చిన. నీకు ఫోన్ కలుస్తలేదు. తెల్లారకముందే మళ్ల పోతున్నం."

కాసేపు వాన చప్పుడు.

"దాదీ చెప్పినట్టె మూడుసార్లు పిలిచిన. నీకు కోపముంటే ఉండనీ, తలుపు తీస్తవనుకున్న. మూడోసారి పిలువంగనే లోపటినుంచి 'దేనికొచ్చినవ్? పో' అంటివి. నీ గొంతు నేను గుర్తుపట్టనా అన్నా? సరే... ఇగ రాను. నువ్వు పైలం."

లియాఖత్ విన్నవి రెండు పిలుపులే. రాత్రంతా ఆయన నోరు విప్పనే లేదు. ఆ గదిలో ఆయన తప్ప మరో మనిషి లేడు... ఆ ఊళ్లో వరంగల్ తెలుగు మాట్లాడేవాళ్లూ లేరు.

చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి ఉరికాడు. మెట్ల మీద కూలబడి, ఫోన్ నోటికి దగ్గర పెట్టుకున్నాడు.

"అది నేను గాదురా అమ్జద్. అల్లా కసమ్... నేను గాదు."

ఒక్క టిక్కు పడింది. ఎంతసేపు చూసినా రెండోది పడలేదు.