ఎవరి కుర్చీలోకి వాళ్లు

కాలేజీలో నాకిచ్చింది మెట్ల కింద గది. బయట కౌన్సెలర్ అని బోర్డు, లోపల సగం చీపుళ్లు, ఫినాయిల్ వాసన. రెండు నీలం ప్లాస్టిక్ కుర్చీలు, నాకో స్టూలు. కాలేజీ బస్సు ప్రమాదం జరిగి మూడు వారాలు. బతికిన పిల్లల్ని పరీక్షల్లోపు మామూలు మనుషుల్ని చేసెయ్యమని ప్రిన్సిపాల్ నా ప్రాణం తోడేస్తున్నాడు. స్క్రూలు బిగించే పనా ఇది?

ఆ మధ్యాహ్నం వచ్చిన అమ్మాయి ప్రమాదం తర్వాత నోరు విప్పలేదు. పక్క సీట్లో ఉన్న ప్రాణస్నేహితురాలు పోయింది. వాగుడు ఎక్కువని ఆ పోయిన పిల్లని క్లాసంతా వసపిట్ట అనేవారట.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఎదురుగా ఖాళీ కుర్చీ వేసి, పోయినవాళ్లు అందులో ఉన్నారనుకుని మాట్లాడమంటాం. తర్వాత అదే కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్ల తరఫున జవాబు చెప్పమంటాం. చివర్లో తన కుర్చీలోకి తిరిగొచ్చి, తన పేరు తను చెప్పుకోవాలి. అది మాత్రం మానకూడదు.

ఈ అమ్మాయికీ అలాగే ఎదురుగా ఖాళీ కుర్చీ వేశాను. అమ్మాయి పెదవులు కదిలాయి.

"కిటికీ సీటు నేనే అడిగానే... నువ్వు తలుపు వైపు జరిగావు. లారీ అటే గుద్దింది. నీ చోటు లాక్కున్నానే..."

వెక్కివెక్కి ఏడ్చింది. నాకూ కళ్లు తడిశాయి. మెల్లగా ఎదుటి కుర్చీలోకి మార్చాను. ఏడుపు ఠక్కున ఆగింది. ఫినాయిల్‌ని మించి డీజిల్ వాసన...

"సరేలేవే. ఇప్పుడిచ్చెయ్," అంది నవ్వుతూ.

లేచి నిలబడ్డాను. "చాలమ్మా, ఇటు వచ్చెయ్," అంటుండగానే అటెండరు తలుపు తోసుకొచ్చాడు.

"పరీక్ష హాల్లో కుర్చీలు చాలట్లేదు మేడమ్. ఇవి తెమ్మన్నారు."

"ఐదు నిమిషాలు ఆగవయ్యా!"

"నా ఉద్యోగం ఊడుతుంది మేడమ్."

ఖాళీగా ఉన్న అమ్మాయి కుర్చీని ముందు ఎత్తాడు. "ఇంత బరువేంటి?" అని గొణుక్కుంటూ రెండో చెయ్యి కూడా వేశాడు. ఈలోగా అమ్మాయి లేచి, చెయ్యి ఊపుతూ వెళ్లిపోయింది.

నేను ఆ పిల్ల వెనక పరిగెత్తాల్సింది. ఒళ్లు మండి ప్రిన్సిపాల్ మీదకి పరిగెత్తాను. గంటసేపు అరిచాను. గోడకి చెప్పినట్టే అయింది.

సాయంత్రం అమ్మాయి వాళ్లమ్మ ఫోన్ చేసింది.

"మీ చేతిలో ఏం మాయ ఉందో మేడమ్! వచ్చిన దగ్గర్నుంచి ఒకటే వాగుడు, ఒకటే నవ్వులు..." ఆమె గొంతు తగ్గింది. "కాకపోతే... బాత్రూమ్ ఎటు ఆంటీ అని అడిగింది. నన్ను ఆంటీ అంటుందేంటి మేడమ్?"

పడుతూ లేస్తూ పరీక్ష హాలుకి వెళ్లాను. వందల ఖాళీ కుర్చీలు. అన్నీ నీలమే. చీకటి పడుతోంది. ఎక్కడో మధ్య వరసల్లో సన్నగా ఏడుపు...

"అమ్మా, నేనే. ఏ కుర్చీలో ఉన్నావు? చెప్పు, ఇప్పుడే ఇంటికి తీసుకెళ్తాను."

ఏడుపు ఆగింది.

"మేడమ్..." అమ్మాయి గొంతే. "మెల్లగా మాట్లాడండి. నా చుట్టూ కూర్చున్నవాళ్లు మీ వైపు తిరిగారు."