పిడికిలి బిగిస్తే ఆగాలి

ఆదివారం పొద్దున పదింటికి ఆ ఉప్పు మైదానంలో నాలుగంటే నాలుగు బళ్లున్నాయి. పద్దెనిమిదేళ్ల కిందట ఇదే చోట, ఇవే వసంతపు రోజుల్లో, బండి నిలుపుకునే జాగా కోసం బలిసిన మగాళ్లు కాలర్లు పట్టుకునేవాళ్లు. పగలంతా ఎడారి మీద ట్రక్కుల పందేలు, పొద్దు వాలితే దంతాల గుట్ట మీద బళ్లతో రాళ్లెక్కే పోటీలు. మాంసం కాల్చే పొగ, పెట్రోలు వాసన, మోకాలెత్తున బీరు డబ్బాలు. ఇప్పుడు గాలి ఒక్కటే అటూ ఇటూ తిరుగుతోంది. రేపు సైన్యం వాళ్లొచ్చి కంచె వేస్తారు. ఆ తర్వాత ఈ గుట్ట మీద మనిషి కాలు పడదు.

వెర్నా టటిల్ మడత కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతోంది. వేడిగా ఉందని తెలుస్తోంది. అంతకు మించి ఏమీ తెలియడం లేదు. ఆ మాటకొస్తే, మొగుడు రాయిస్ పోయిన దగ్గర్నుంచీ ఆమెకు ఏదీ అంతకు మించి తెలియలేదు.

"ఇంకా చావలేదా వెర్నా?" అంటూ వచ్చాడు హోయ్ట్. ఒకప్పుడు ఈ పోటీలకు అతనే జడ్జి.

"నిన్ను పూడ్చి పోదామని ఆగాను."

"మోకాళ్లు ముందే పోయాయి. మిగతా సామాను వరసలో ఉంది, కాస్త ఓపిక పట్టు." నవ్వి, ఆమె వెనకున్న పాత ఆకుపచ్చ బండిని చూసి నవ్వు ఆపేశాడు. "రాయిస్ బండి. పిల్ల నడుపుతుందా?"

"దాని బండి, దాని ప్రాణం. నన్నడక్కు."

కూతురు షెల్బీ టైర్లలోంచి గాలి తీస్తోంది. సగానికి పైగా తీసేస్తే గానీ టైరు రాయిని పిండిముద్దలా కరుచుకోదు. తండ్రి తుక్కు చేసి పోయిన బండిని నాలుగేళ్లు కూర్చుని మళ్లీ నిలబెట్టింది. గుట్ట మీద ఆయన దాటలేని మూడో రాతిమెట్టు దాటి చూపాలి, అదీ ఇవాళే. రేపనేది లేదు.

"చేతులు నీవే కావాలమ్మా," అంది తలెత్తకుండా. "ఇంకెవరినీ నమ్మను."

వెర్నా వద్దనాలనుకుంది. వద్దనడానికి కూడా లోపల ఏదో ఒకటి కదలాలి కదా. కప్పు కింద పెట్టి లేచింది.

నిట్టనిలువు రాయి ఎక్కేటప్పుడు నడిపేవాడికి బానెట్టూ ఆకాశమూ తప్ప ఏమీ కనపడదు. అందుకే పైన ఒక మనిషి నిలబడి చేతులతో దారి చెబుతాడు. నడిపేవాడు రాయిని చూడకూడదు, టైరుని చూడకూడదు, ఆ చేతుల్నే చూడాలి. వేళ్లు ఆడిస్తే రావాలి, పిడికిలి బిగిస్తే ఆగాలి. గుట్ట మీద ఒకే ఒక్క జత చేతులు ఆడాలి. చూడ్డానికొచ్చిన వాడెవడైనా చెయ్యి ఊపితే హోయ్ట్ మెడపట్టి కిందికి గెంటించేవాడు. ఇక చేతులు చూపే మనిషి టైర్లనే చూడాలి. నడిపేవాడి మొహంతో పని లేదు.

అదే పొరపాటు. రాయిస్ పోయిన రోజు వెర్నా మూడో మెట్టు దగ్గర పిడికిలి బిగించింది. టైరు తిరుగుతూనే ఉంది. ఎడమకి. ఎడమన ముప్పై అడుగుల లోయ. ఆమె తలెత్తేసరికి బండి ఒరిగిపోతోంది. ఆ ఒక్క క్షణం రాయిస్ మొహం కనిపించింది. అతను చూస్తున్నది ఆమెను కాదు. ఆమె భుజం మీదుగా, కాస్త పైకి... శ్రద్ధగా.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పెళ్లామే తప్పుడు సైగ చేసి చంపుకుందన్నారు. అననిచ్చింది. వాళ్ల నోళ్లు అరిగాయి, ఈమె చెవులు అరిగాయి.

ఇవాళ షెల్బీ చేతిలో మొదటి మెట్టు ఎక్కింది బండి. రెండోదీ ఎక్కింది. అంతలో గాలి తిరిగి ఎడారి దుమ్మంతా పైకి లేచింది. మిట్టమధ్యాహ్నం సూర్యుడు మాసిన రాగి పైసాలా అయిపోయాడు. గొంతులో ఉప్పు. రాయి మీద రబ్బరు కీచుమంటోంది. దాని వెనక ఇంజను... గుర్రుగుర్రుమని, నిదానంగా.

వెర్నా ఈసారి టైర్లను చూడలేదు. కూతురి కళ్లనే చూస్తోంది.

మూడో మెట్టు.

ఆ కళ్లు జారాయి. ఆమె చేతుల మీంచి... భుజం మీదుగా... కాస్త పైకి.

వెర్నా పిడికిలి బిగించింది.

బండి ఆగలేదు. ముందు టైరు ఎడమకి తిరిగింది.

"షెల్బీ..."

ఇంకా ఎడమకి.

భయం వేస్తుందనుకుంది. వెయ్యలేదు. నిద్రలో ఒత్తుకుని మొద్దుబారిన చెయ్యిలా ఉంది ఒళ్లంతా. ఆ ఒళ్లే దిగింది, నడిచింది, టైరుకూ లోయకూ మధ్య దూరింది. రబ్బరు మోకాలికి తగిలింది. నెడుతోంది. పోటీ బళ్లకు బయట ఇంజను ఆపే ఎర్ర మీట ఒకటి ఉంటుంది. అది లాగింది. ఇంజను చచ్చింది. బండి గేరులోనే రాయిని కరుచుకుని నిలబడిపోయింది.

ఒక్కసారిగా నిశ్శబ్దం.

"ఎందుకాపావు?" షెల్బీ గొంతు మెల్లగా ఉంది. "బాగానే తీసుకెళ్తున్నావుగా."

"నేను పిడికిలి పట్టాను."

"లేదు. ఎడమకన్నావు... కొంచెం ఎడమకి... రమ్మన్నావు."

"నేనిప్పుడెక్కడున్నానే?"

"ఇక్కడ. నా పక్కన."

"మరి నువ్వు చూస్తున్నదెటు?"

షెల్బీ కళ్లు తిప్పలేదు.

వెర్నా వెనక్కి తిరిగి చూసింది. బోడి రాయి. దాని మీంచి జారే దుమ్ము. కింద దూరంగా హోయ్ట్, గాలికి వీపు పెట్టి, రెండు చేతులూ జేబుల్లో కుక్కుకుని.

బెల్టులు విప్పి కూతుర్ని కిందికి లాగింది. ఆమె వీపు గుట్ట వైపుండేలా రాయి మీద కూర్చోబెట్టి, ఎదురుగా మోకాళ్ల మీద కూలబడింది. మొహానికీ మొహానికీ మధ్య జానెడు.

"కళ్లు మూసుకో."

"మూసుకున్నాను."

వెర్నా తన అరచెయ్యి ఆ కళ్ల మీద గట్టిగా అదిమింది. నిజంగానే మూసుకుంది. రెప్పలు కదలడం లేదు.

రెప్పల కింద గుడ్లు కదులుతున్నాయి.

ఎడమకి... కొంచెం ఎడమకి... ఆగాయి.

ఆ తర్వాత రెండూ మెల్లమెల్లగా ముక్కు వైపుకి దగ్గరవడం మొదలుపెట్టాయి. మనం చూస్తున్నది మన మొహం మీదికి వస్తున్నప్పుడు కళ్లు దగ్గరవుతాయే, అలా.