డొక్కు కంప్యూటర్

క్రాంతికుమార్ ఆ ఉదయం మూడోసారి పేపరు మడత విప్పాడు. చదవడానికి కాదు. కూతురి గది తలుపు తెరుచుకునే వేళకి తను ఏదో పనిలో ఉన్నట్టు కనిపించాలి, అంతే. వంటింట్లోంచి ఉప్మా పోపు వాసన వస్తోంది. కింద ఏదో షూటింగ్ వ్యాను జనరేటర్‌ని లాక్కుంటూ ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కలేక మూలుగుతోంది.

"హరిణి లేచిందా?" అన్నాడు భార్యతో, పేపర్లోంచి తల ఎత్తకుండా.

"లేచింది. ఇంకా కంప్యూటర్ ఆన్ చేసినట్టు లేదు," అంది వందన. "మీరే తలుపు కొట్టి చెప్పొచ్చుగా. ఎన్నాళ్లని మీ ఇద్దరి మధ్యా కబుర్లు మొయ్యను?"

"అదే వస్తుంది చూడు."

ఆ ఇంట్లో తండ్రీకూతుళ్లకి మాటల్లేక మూడు నెలలు. ఇంజనీరింగ్ అవగానే హరిణికి ఒక పెద్ద కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఆ పిల్ల దాన్ని కాదని, ఇంకా విడుదల కాని ఒక ఆన్‌లైన్ తుపాకుల ఆటని ఇంట్లో కూర్చుని పరీక్షించే పని ఒప్పుకుంది. పని నచ్చితే ఆట తయారుచేసే బెంగళూరు వాళ్లు పర్మనెంటు చేస్తారట. "ఇరవై రెండేళ్లొచ్చి తుపాకులాట ఆడుకుంటావా?" అన్నాడు క్రాంతికుమార్. "మీరు చేసేది మాత్రం ఏంటి, ఉత్తుత్తి గుద్దులకి చప్పుళ్లు కలపడమేగా," అంది హరిణి. జూబ్లీహిల్స్ స్టూడియోలో ఇరవై ఆరేళ్లుగా సినిమాలకి సౌండ్ మిక్సింగ్ చేస్తున్న మనిషికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆ రోజు నుంచి ఉప్పు అందుకోవాలన్నా వందన ద్వారానే.

అయినా కన్నతండ్రి. పోయిన వారం తలుపు సందులోంచి, ఆ పిల్ల ఫోన్లో చెబుతున్నది విన్నాడు. "ఫ్రేములు పద్దెనిమిదికి పడిపోతున్నాయి సార్. గ్రాఫిక్స్ కార్డు తట్టుకోవట్లేదు. బొమ్మ ఆగి ఆగి వస్తోంది." సెకనుకి ఎన్ని ఫ్రేములు మారితే బొమ్మ అంత సాఫీగా కదులుతుందని సినిమావాడికి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ కంప్యూటర్ ఏడేళ్ల కిందటిది, హరిణి ఇంటర్లో చేరినప్పుడు తనే కొన్నాడు. నలుగురిలో పిల్ల చిన్నబోతోందనుకున్నాడు. నోరు తెరిచి అడగడానికి పౌరుషం అడ్డొచ్చింది. స్నేహితురాలి పెళ్లికని హరిణి రెండ్రోజులు రాజమండ్రి వెళ్లగానే, ఆ పెట్టెని కార్లో వేసుకెళ్లి యూసుఫ్‌గూడ షాపులో కొత్త గ్రాఫిక్స్ కార్డు, నాలుగింతల ర్యామ్ పెట్టించాడు. పాతవి షాపువాడికే వదిలేశాడు. ఏమీ ఎరగనట్టు పెట్టెని తెచ్చి దాని చోట పెట్టేశాడు. ఇప్పుడు హరిణి వచ్చి "నాన్నా" అంటే చాలు. వెంటనే క్షమించెయ్యాలని కూడా నిర్ణయించేసుకున్నాడు.

తలుపు తెరుచుకుంది.

"నా కంప్యూటర్ ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే," అన్నాడు క్రాంతికుమార్, తీరిగ్గా పేపరు మడిచి. "ఇప్పుడెలా ఉంది?"

"తొంభై ఫ్రేములు వస్తున్నాయి."

"మరి! పద్దెనిమిదెక్కడ, తొంభై ఎక్కడ."

"పాత కార్డేది?"

"ఆ డొక్కుదాంతో నీకేం పని? యూసుఫ్‌గూడ షాపులోనే ఇచ్చేశాను."

హరిణి గుమ్మం పట్టుకుంది. "ఆ డొక్కే నా ఉద్యోగం. కొత్త కార్డులున్న వాళ్లు బెంగళూరు వాళ్లకి రెండొందల మంది ఉన్నారు. ఇంత పాత మెషీన్ మీద పరీక్షించేది నేనూ, ఇంకో ఇద్దరూ. ఇలాంటి దాంట్లో కూడా ఆట నడవాలని మూడు నెలలుగా రిపోర్టులు రాస్తున్నాను. ఇవాళ ఆఖరి పరీక్ష, అదే కార్డు మీద. సాయంత్రం ఆరింటికల్లా పంపాలి. పంపలేకపోతే నేను వాళ్లకి దేనికి?"

ఇక్కడ క్రాంతికుమార్ ఒక్క "అయ్యో" అని ఉంటే సరిపోయేది. ఆయన అనలేదు. మూడు రోజులుగా ఎదురుచూసిన నవ్వు రాకపోగా పొద్దున్నే నిలదీత వచ్చేసరికి ఒళ్లు మండింది.

"బోలెడు పోసి బాగుచేయించినవాడిదా తప్పు? చెత్త పోయిందని ఏడ్చేదాన్ని నిన్నే చూస్తున్నాను."

"బాగుచేయించమని అడిగానా?"

"అడిగితేనే చేసే తండ్రి కావాలా నీకు?"

"చేసేముందు అడిగే తండ్రి కావాలి. ఈ మూడు నెలల్లో ఒక్కసారైనా, నువ్వు చేసే పనేంటమ్మా అని అడిగారా? తలుపు సందులోంచి వినడం వచ్చు మీకు. తలుపు కొట్టడం రాదు."

"హరిణీ, ఏంటా మాటలు," అంది వందన, గరిటె చేతిలో ఉండగానే హాల్లోకొచ్చి.

"అననీ. నెత్తికెక్కించుకున్నది మనమే," అన్నాడు ఆయన. "పోతే పోయింది. ఆ పెద్ద కంపెనీ వాళ్లని బతిమాలుకుని బుద్ధిగా ఆఫీసుకెళ్లు."

"మీక్కావలసింది అదేగా. అందుకే కావాలని చేశారు."

ఆ మాటకి క్రాంతికుమార్ దిగ్గున లేచాడు. కారు తాళాలు తీసుకుని, ఉప్మా ప్లేటు వంక చూడకుండా మెట్లు దిగిపోయాడు. "తినైనా వెళ్లండి," అని వందన పైనుంచి పిలిచింది. "నీ కూతురికే పెట్టు," అన్నాడు కిందనుంచి.

స్టూడియోలో ఆ రోజు రిత్విక్ అనే కొత్త దర్శకుడి సినిమాకి చివరి రీలు మిక్సింగ్. క్రాంతికుమార్ విసుగ్గానే పని పూర్తిచేశాడు. ఎప్పటి అలవాటు ప్రకారం గోడంత స్పీకర్లు ఆపేసి, బల్ల మీదున్న గుప్పెడంత స్పీకరు ఆన్ చేశాడు. ఏ కాలం నాటి టీవీలోంచి ఊడదీసిందో, పగుళ్లకి నల్లటేపు చుట్టి ఉంది.

"ఇంత ఖరీదైన స్పీకర్లుండగా ఈ డబ్బా ఎందుకండీ?" అని నవ్వాడు రిత్విక్.

"మీ సినిమా చూసేవాళ్లందరి దగ్గరా ఇలాంటి స్పీకర్లు ఉండవు బాబూ. బొంగురు టీవీ ముందు కూరగాయలు తరుక్కుంటూ వినే ఆవిడక్కూడా ఈ డైలాగు అర్థం కావాలి. దీంట్లో వినపడితే ఎక్కడైనా వినపడుతుంది. పోయినేడు స్టూడియోకి రంగులేసేటప్పుడు మావాళ్లు దీన్ని అవతల పారేసి, నాకేదో మేలు చేస్తున్నామని కొత్తది తెచ్చి..."

మాట అక్కడ ఆగిపోయింది.

ఆ రోజు తను చేసిన రభస కళ్ల ముందుకొచ్చింది. కొత్త స్పీకరు చేత్తో పట్టుకుని మేనేజరు నిలబడితే, "నా చెవులు కోసేశారు కదయ్యా" అని స్టూడియో అదిరేలా అరిచాడు. నన్నడక్కుండా ఎలా ముట్టుకున్నారని నిలదీశాడు. చెత్తకుప్ప దాకా వెళ్లి, ముక్కు మూసుకుని వెతికి తెచ్చుకున్నాడు. పొద్దున కూతురు అడిగింది కూడా అదే మాట. చెప్పలేనంత సిగ్గేసింది ఆయనకి.

"ఇవాళ్టికి ఇంక నావల్ల కాదు, ఏమీ అనుకోకండి," అని రిత్విక్‌తో చెప్పి లేచాడు.

యూసుఫ్‌గూడ షాపు యజమాని రఘునందన్ ఈయన్ని చూడగానే లోపలికి చెయ్యి చూపించాడు. "గా పాత సామాను కోసమేనా సార్? ర్యామ్ నా కాడనే ఉండె, ఇచ్చేసిన. కార్డు మాత్రం తుక్కుల కలిసింది. పొద్దటిసంది మీ బిడ్డ గీడనే కూసోని దేవులాడుతున్నది. చాయ్ తాగమన్నా తాగుతలేదు."

వెనక గదిలో సిమెంటు నేల మీద నాలుగు గోనెసంచుల తుక్కు మధ్య హరిణి కూర్చుని ఉంది. పెళ్లికి పెట్టుకున్న గోరింటాకు దుమ్ముతో నల్లబడిపోయింది.

"ఎందుకొచ్చారు? ఇంకేమైనా పారేయాలా?" అంది తలెత్తకుండా.

క్రాంతికుమార్ మోకాళ్లు పట్టుకుని మెల్లగా ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఒక సంచి తన వైపు లాక్కున్నాడు.

"అడగడానికొచ్చాను," అన్నాడు.

"ఏంటి?"

"నువ్వు చేసే పనేంటమ్మా?"

హరిణి కోపంగానే జవాబిచ్చింది, చేతులాపకుండా. "ఆట విడుదలయ్యేటప్పుడు, కనీసం ఇంత కంప్యూటర్ ఉండాలని రాస్తారు. ఆ కనీసం ఎంతో తేల్చేది మేము. మా దాంట్లో ఎక్కడ ఆగిపోతోందో చెబితే, వాళ్లు అక్కడ తేలిక చేస్తారు. నాలాంటి కంప్యూటర్లే ఎక్కువ ఇళ్లల్లో ఉన్నాయి. మేం చెప్పకపోతే వాళ్లందరికీ ఆట అందదు."

"నా పాత స్పీకరు పనే," అన్నాడు ఆయన నెమ్మదిగా. దాని గురించి చెప్పాడు. చెత్తకుప్ప సంగతి కూడా దాచలేదు. "నాకు తెలిసిన పనే నువ్వు చేస్తుంటే గుర్తుపట్టలేకపోయాను. తప్పు నాది హరిణీ. కానీ కావాలని మాత్రం చెయ్యలేదు."

"తెలుసు," అంది. సంచి దులుపుతూ, "మన కార్డు ఫ్యాను మీద ఎర్ర గోళ్లరంగు చుక్క ఉంటుంది. ఇంటర్లో పెట్టాను. చూస్తూ ఉండండి," అంది.

నాలుగు కావస్తుండగా ఆ ఎర్ర చుక్క క్రాంతికుమార్ చేతికే దొరికింది.

ఇంటికొచ్చి పాతవన్నీ మళ్లీ బిగించేసరికి ఐదు దాటింది. వందన ఇద్దరికీ ఒకే ప్లేటులో ఉప్మా వేడిచేసి పెట్టి, గుమ్మంలో నిలబడింది. ఆట మొదలైంది. తెర మూల అంకె వంకే ముగ్గురూ చూస్తున్నారు. ఇరవై రెండు. ఇరవై ఏడు. కోట కూలే ఘట్టం వచ్చింది. పద్దెనిమిదికి పడిపోయేది అక్కడేనట. ముప్పై ఒకటి దగ్గర నిలబడింది.

"నేను చెప్పినవన్నీ సరిచేశారు నాన్నా," అంది హరిణి. "ఆడుకోవచ్చు. దీంట్లో కూడా ఆడుకోవచ్చు."

రిపోర్టు తెరిచింది. మొదటి పేజీలో, పనిలో చేరినప్పుడు నింపిన వివరాలు. ఈ కంప్యూటర్‌ని ఇన్నేళ్లుగా ఎందుకు మార్చలేదు అన్న ప్రశ్న కింద జవాబు ఇంగ్లీషులో ఉంది. క్రాంతికుమార్ కళ్లజోడు సర్దుకుని కూడబలుక్కుని చదివాడు. మా నాన్న నెల రోజులు రాత్రి షిఫ్టులు కూడా చేసి ఇది కొన్నారు. మార్చాలని నాకెప్పుడూ అనిపించలేదు.

కింద తేదీ ఉంది. ఇద్దరికీ మాటలు ఆగిపోయిన వారమే అది.

ఆయన రెండోసారి చదవబోతే అక్షరాలు కనబడలేదు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, కానీ తడి అద్దాల్లో లేదు.

"ఇంకా పది నిమిషాలే ఉంది నాన్నా," అంది హరిణి, తన కళ్లు మోచేత్తో తుడుచుకుంటూ. "ముందు రిపోర్టు పంపేద్దాం. తర్వాత ఇద్దరం కూర్చుని ఏడుద్దాం."

క్రాంతికుమార్ కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకున్నాడు.